ఎడారిలో నీళ్ల లెక్క

పిల్లలూ, మీ ఇంట్లో రోజుకు ఎన్ని నీళ్లు ఖర్చవుతాయో ఎప్పుడైనా కొలిచారా? కొళాయి తిప్పితే వచ్చే నీళ్లకు లెక్కలు ఎవరు రాస్తారు మాస్టారూ, అంటారేమో. మా అక్క రాస్తుంది. ఆవిడ దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం ఉంది. రోజూ పడుకోబోయే ముందు తాగడానికి ఇన్ని లీటర్లు, వంటకు ఇన్ని, గిన్నెలకు ఇన్ని అని రాసి, అడుగున మిగిలినవెన్నో తేలుస్తుంది. ఎందుకంటే ఆవిడ ఇల్లు చక్రాల మీద ఉంది. అది తిరిగేది ఎడారుల్లో.

మా అక్కా బావగారూ నలభై ఏళ్ల కిందట అమెరికా వెళ్లారు. మిచిగన్ రాష్ట్రంలో ఉద్యోగాలు చేసి రిటైరయ్యారు. పిల్లలు స్థిరపడ్డాక ఒక ఆర్.వి. కొన్నారు. ఆర్.వి. అంటే రిక్రియేషనల్ వెహికిల్. మన మినీ బస్సంత ఉంటుంది. మంచం, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ అందులోనే. ఆ దేశంలో ఉద్యోగ విరమణ చేసిన దంపతులు చాలామంది చలికాలం రాగానే మంచు కురిసే ఉత్తరాదిని వదిలి, ఇలాంటి బండ్లలో ఆరిజోనా, కాలిఫోర్నియా ఎడారులకు చేరుకుంటారు. మన కొల్లేటికి వలసపక్షులు వచ్చినట్టన్నమాట. వాళ్లకు అక్కడ 'స్నోబర్డ్స్', అంటే మంచుపక్షులు అనే పేరే ఉంది.

ఆ బండిలో నాకు బాగా నచ్చింది ఫ్రిజ్. అది గ్యాసు మంటతో కూడా పనిచేస్తుంది! మంట పెట్టి చల్లబరచడమేమిటి అనుకుంటున్నారా? దానిలో అమ్మోనియా నీటిలో కరిగి ఉంటుంది. మంట వేడికి అమ్మోనియా విడిపోయి ఆవిరవుతుంది. బయటి గొట్టాల్లో చల్లబడి ద్రవమవుతుంది. ఆ ద్రవం పెట్టె లోపలి గొట్టాల్లో మళ్లీ ఆవిరయ్యేటప్పుడు, అందుకు కావలసిన వేడిని పెట్టెలోని వస్తువుల నుంచి లాక్కుంటుంది. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

సరే, నీళ్ల సంగతి. బండి అడుగున మూడు ట్యాంకులు ఉంటాయి. ఒకటి మంచినీళ్లకు, ఒకటి గిన్నెలు కడిగిన నీళ్లకు, ఒకటి మరుగుదొడ్డికి. అక్కావాళ్ల మంచినీళ్ల ట్యాంకు 150 లీటర్లు పడుతుంది. అది నిండి ఉన్నంత కాలమే అడవిదారుల్లో మకాం. అడుగంటితే మళ్లీ ఊరి దారి పట్టవలసిందే.

కిందటేడు చలికాలం చివర వాళ్లు డెత్ వ్యాలీ నేషనల్ పార్కుకు వెళ్లారు. డెత్ వ్యాలీ అంటే మృత్యులోయ. కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దున ఉంది. అక్కడ బాడ్‌వాటర్ అనే చోట నేల సముద్రమట్టానికి 86 మీటర్లు దిగువన ఉంటుంది. 1913 జూలై 10న ఈ లోయలో నమోదైన 56.7 డిగ్రీల సెల్సియస్ ప్రపంచ రికార్డు. ఆ పాత కొలతను శంకించే శాస్త్రజ్ఞులూ ఉన్నారు. కానీ 2020లోనూ 2021లోనూ 54.4 డిగ్రీలు వచ్చింది, అదేమీ తక్కువ కాదు కదా!

పసిఫిక్ మహాసముద్రం అంత దూరమేమీ కాదు, మరి వాన ఎందుకు పడదు? సముద్రం నుంచి వచ్చే తేమగాలి ముందు సియెర్రా నెవాడా పర్వతాలు ఎక్కాలి. పైకి ఎక్కినకొద్దీ చల్లబడి తేమనంతా అక్కడే కురిపించేస్తుంది. ఆ తరువాత ఇంకా కొన్ని కొండల వరుసలు దాటి లోయకు చేరేసరికి అందులో మిగిలేది ఏమీ ఉండదు. పైగా కిందికి దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం చూశారు కదూ? మన అనంతపురం జిల్లాకు కూడా పడమటి కనుమల చాటు కావడం వల్లే నైరుతి వానలు సరిగా అందవు. అయినా అక్కడ ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్ల వాన పడుతుంది. డెత్ వ్యాలీ అడుగున పడేది సుమారు 5 సెంటీమీటర్లు!

అంతకుముందు అక్కావాళ్లు ఆరిజోనాలో సగువారో అనే బ్రహ్మజెముడు జాతి చెట్లను చూశారు. అవి 12 మీటర్ల దాకా పెరుగుతాయి. వాటి ఒంటి మీద హార్మోనియం తిత్తిలా మడతలుంటాయి. వాన పడితే మడతలు విచ్చుకుని నీళ్లు నింపుకుంటాయి, ఎండాకాలంలో మళ్లీ ముడుచుకుంటాయి. కాని నీళ్ల లెక్కలో మా అక్కను మించినది ఒక ఎలుక. దాని పేరు కంగారూ ఎలుక. అది పుట్టి చచ్చేదాకా ఒక్క గుక్క నీళ్లు తాగకుండా బతకగలదు. గింజలు తింటుంది. గింజలోని పిండిపదార్థం ఒంట్లో ఆక్సీకరణం చెందితే శక్తితోపాటు నీరు కూడా పుడుతుంది. 180 గ్రాముల గ్లూకోజు నుంచి 108 గ్రాముల నీరు. (పదో తరగతివాళ్లు సమీకరణం రాసి సరిచూడండి.) ఆ కాస్త నీటినీ పోగొట్టుకోకుండా పగలంతా కలుగులో దాక్కుంటుంది. మూత్రాన్ని ఎంతో చిక్కగా విసర్జిస్తుంది.

ఇక అసలు కథకు వద్దాం. డెత్ వ్యాలీలో రేస్‌ట్రాక్ ప్లాయా అనే ఎండిన చెరువు ఉంది. దాని మీద రాళ్లు వాటంతటవే జరిగినట్టు, వెనక పొడుగాటి గాళ్లు కనిపిస్తాయి. కొన్ని మనిషి ఎత్తలేనంత పెద్ద రాళ్లు. ఎలా కదులుతున్నాయో చాలా కాలం ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి 2013 డిసెంబరులో రిచర్డ్ నారిస్, జేమ్స్ నారిస్ అనే శాస్త్రజ్ఞులు కళ్లారా చూశారు. చలికాలంలో అరుదుగా అక్కడ నీళ్లు పలుచగా నిలుస్తాయి. రాత్రి పైన 3 నుంచి 6 మిల్లీమీటర్ల మందాన మంచుపలక కడుతుంది. పొద్దెక్కాక అది పెద్ద పెద్ద ముక్కలై, చిన్నపాటి గాలికే కదిలి, రాళ్లను మెత్తని బురద మీద తోసుకుపోతుంది. వేగం నిమిషానికి 2 నుంచి 5 మీటర్లు. పక్కనే నిలబడినా పోల్చుకోవడం కష్టం!

ఆ రాళ్లను చూడాలని బావగారికి ఎన్నాళ్లుగానో కోరిక. అక్కడికి 43 కిలోమీటర్ల కంకరదారి. రాళ్లు కత్తుల్లా ఉంటాయి. ఆర్.వి. పోదు. అందుకని దాన్ని మకాంలో వదిలి, ఒక జీపు అద్దెకు తీసుకుని ఏప్రిల్ ఆఖరున బయలుదేరారు. దారిలో టీకెటిల్ జంక్షన్ అనే కూడలిలో ఒక కొయ్య బోర్డుకు యాత్రికులు తగిలించిపోయిన టీ కెటిళ్లు వేలాడుతుంటాయట. రాళ్లు చూశారు, ఫోటోలు తీసుకున్నారు. తిరుగుదారిలో ఆ కూడలి దగ్గరే ఒక టైరు పంక్చరైంది. స్టెప్నీ వేసుకున్నారు. కొద్ది దూరం పోగానే ఇంకో టైరు పోయింది. రెండో స్టెప్నీ లేదు. ఫోనుకు సిగ్నలు లేదు. మధ్యాహ్నం రెండు గంటలు. తారురోడ్డు సుమారు 30 కిలోమీటర్లు.

ఈ ఉత్తరాన్ని మా తొమ్మిదో తరగతిలో చదువుతూ, ఇక్కడ ఆపి అడిగాను: "మీరైతే ఏం చేస్తారు?" సగానికి పైగా పిల్లలు "నడిచి వెళ్లి సాయం తెస్తాం" అన్నారు. బావగారూ అదే అన్నారట. "నువ్వు బండి దగ్గరుండు, నేను వెళ్లొస్తాను."

అక్క నోటుపుస్తకం తీసింది. జీపులో ఉన్న నీళ్లు 10 లీటర్లు. ఎండలో నడిచే మనిషికి గంటకు ఒక లీటరు దాకా చెమట పోవచ్చు. గంటకు 4 కిలోమీటర్ల చొప్పున 30 కిలోమీటర్లకు ఏడున్నర గంటలు. అంటే బావగారికి ఏడెనిమిది లీటర్లు కావాలి. డెబ్భై ఏళ్ల మనిషి ఎనిమిది కిలోల బరువు మోస్తూ నడవాలి. అక్కకు మిగిలేవి రెండు లీటర్లు. అదే ఇద్దరూ నీడన కదలకుండా కూర్చుంటే, మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున, మర్నాడు సాయంత్రం దాకా ఢోకా లేదు. ఆ దారిన రోజూ ఎవరో ఒకరు వస్తుంటారు. ఎడారిలో మనిషికంటే జీపు దూరం నుంచి కనిపిస్తుంది. "లెక్క చూసుకోండి" అని పుస్తకం చేతికిచ్చిందట. బావగారు ఇంజనీరు. అంకెల ముందు వాదించలేకపోయారు.

ఇప్పుడు గుర్తుచేసుకోండి: ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఒక గ్రాము చెమట ఆరేటప్పుడు ఒంట్లోంచి సుమారు 580 కెలోరీల వేడి తీసుకుపోతుంది. లీటరు చెమట తీసుకుపోయే వేడితో 10 లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి 88 డిగ్రీలకు కాచవచ్చు! మన ఒళ్లు కూడా మట్టికుండలాంటిదే, నీళ్లు ఊరుతున్నంత సేపే చల్లదనం. ఎడారిలో ఇంకో మోసం ఉంది. గాలి పొడిగా ఉండడంతో చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది. చొక్కా తడవదు. నీళ్లు పోతున్నాయనే తెలియదు. శరీరం బరువులో 2 శాతం నీరు తగ్గితేనే చురుకు తగ్గుతుంది. 10 శాతం తగ్గితే ప్రాణానికే ముప్పు. అందుకే ఎడారిలో పొదుపు చేయవలసింది చెమటను. దాహమైతే మాత్రం నీళ్లు తాగాల్సిందే. సీసాలో నీళ్లుండగానే దాచుకుని సొమ్మసిల్లినవాళ్లు ఉన్నారు.

అక్క దుప్పటిని జీపు తలుపులకు కట్టి నీడ చేసింది. నేల మీద కూర్చోకుండా సీటు ఊడదీసి దాని మీద కూర్చున్నారు. ఎండకు కాగిన నేల గాలికంటే ఎంతో వేడిగా ఉంటుంది. పొద్దుగూకాక మాత్రం చలి! గాలిలోని నీటియావిరి భూమికి రాత్రిపూట దుప్పటిలాంటిది. అది అక్కడ లేకపోవడంతో నేల వేడంతా ఆకాశంలోకి పోతుంది. నీడకు కట్టిన దుప్పటే కప్పుకున్నారు. మర్నాడు ఉదయం తొమ్మిదికి ఒక బండి వచ్చింది. అప్పటికి వాళ్ల దగ్గర నాలుగున్నర లీటర్లు మిగిలాయి. పుస్తకంలో రాసి ఉంది.

ఇప్పుడు ఉపగ్రహం ద్వారా కబురు పంపే చిన్న పరికరమొకటి కొన్నారు. నీళ్లు మాత్రం తగ్గించలేదు.

మీరూ ఒకటి చేసి చూడండి. బడి ప్రయోగశాల నుంచి రెండు థర్మామీటర్లు తీసుకోండి (జ్వరం చూసేవి కాదు). ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టి, రెండింటినీ మధ్యాహ్నం రెండు గంటలకు నీడలో వేలాడదీసి విసనకర్రతో విసరండి. అయిదు నిమిషాల తరువాత రెండు అంకెలూ రాసుకోండి. అదే రోజు, అదే గంటకు, మచిలీపట్నంలో ఒకరి చేత, అనంతపురంలో ఒకరి చేత ఇదే చేయించండి. తేడా ఎక్కడ ఎక్కువ వస్తుందో, ఎందుకో, ముందే ఊహించి కాగితం మీద రాసి పెట్టుకోవడం మరిచిపోకండి.