రసభంగమున రసము

మంచి చిత్రమును చూచి ఆనందించుట సహజము. చెడ్డ చిత్రమును చూచి విసుగుచెంది నడుమనే లేచిపోవుటయు సహజమే. కాని యొక చిత్రము మిక్కిలి చెడ్డదని యెఱిగియుండియు, అందులకే టిక్కెట్టు కొని, మిత్రులను వెంటబెట్టుకొని పోయి, అర్ధరాత్రము వరకు మేల్కొని, కడుపుబ్బ నవ్వి, మరల నదే చిత్రమునకు పోవుట విచారింపదగిన విషయము. అమెరికా మొదలగు దేశములలో నిది యొక వేడుకగా స్థిరపడినది. మన దేశమునను ఇట్టి రసికులు తక్కువగా లేరు. దీనిని కుఱ్ఱకారు చాపల్యమని త్రోసివేయుట సులభమే గాని న్యాయము కాదు. రసమన నేమి, నవ్వు ఎక్కడనుండి పుట్టును, ఆ నవ్వునకు గురియైనవాని యెడల మన ధర్మమెట్టిది అను ప్రశ్నలు దీనియందు ఇమిడియున్నవి.

ఈ కోవకు చెందిన చిత్రములలో అగ్రపీఠము ఎడ్వర్డ్ వుడ్ అను అమెరికా దర్శకుడు 1956లో చిత్రీకరించి 1957లో తొలిసారి ప్రదర్శించిన ‘ప్లాన్ నైన్ ఫ్రమ్ ఔటర్ స్పేస్’ అనుదానికి దక్కినది. మానవులు సూర్యకాంతినే పేల్చివేయగల ఆయుధమును కనిపెట్టి విశ్వమునంతను నాశము చేయుదురేమో యని భయపడి, అన్యలోకవాసులు ఎగురు పళ్లెములపై దిగివచ్చి శ్మశానమునందలి శవములను లేపుట ఇందలి కథ. పళ్లెములు దారములకు వ్రేలాడుచుండును. నటులు తగిలినంతనే సమాధిరాళ్లు కదలును. ఒకే సన్నివేశములో నొకపరి పగలు, మఱియొకపరి రాత్రి. 1931లో డ్రాక్యులా పాత్రచే ప్రఖ్యాతి గాంచిన బేలా లుగోసీ యీ చిత్రమున కనిపించును. కాని యాయన 1956 ఆగష్టులోనే మరణించెను. బ్రతికియున్న కాలమున తీసిన కొన్ని నిమిషముల ఫిలిం మాత్రమే దర్శకుని చేత నుండెను. తక్కిన భాగమునకు వుడ్, తన భార్యకు వెన్నెముక చికిత్స చేయు వైద్యుని నిలబెట్టెను. ఆయనకు లుగోసీ పోలికలు లేవు; పొడవును ఎక్కువ. కావున చిత్రమంతటను నల్లని అంగీని ముఖమునకు అడ్డము పెట్టుకొని సంచరించెను!

ఇంత చేసినను వుడ్ మోసగాడు కాడు. తాను గొప్ప చిత్రము తీయుచున్నానని మనసార నమ్మెను. ధనము లేదు, సాధనములు లేవు, నైపుణ్యమును లేదు. ఉత్సాహము మాత్రము అపారము. అట్టివాడు 1978 డిశంబరులో, అద్దె చెల్లింపలేక యింటినుండి వెళ్లగొట్టబడిన కొలది దినములకే, దరిద్రుడై మరణించెను. రెండేండ్లకు, 1980లో, హ్యారీ మెడ్‌వెడ్, మైకేల్ మెడ్‌వెడ్ అను సోదరులు ప్రకటించిన యొక హాస్యగ్రంథము ఆయనకు అధమాధమ దర్శకుడను బిరుదును, ఆయన చిత్రమునకు అధమ చిత్రమను కీర్తిని కట్టబెట్టెను. నాటినుండియే జనము ఆ చిత్రమును వెదకికొని చూడసాగిరి. 1994లో టిమ్ బర్టన్ ఆయన జీవితమునే చిత్రముగా తీయగా, అందు లుగోసీ పాత్రధారియైన మార్టిన్ లాండౌ ఆస్కారు బహుమతి నందెను. బ్రతికినన్నాళ్లు గుర్తింపునకై పరితపించినవానికి, పోయిన పిదప వచ్చిన కీర్తి యిట్టిది.

మన శతాబ్దమున ఈ స్థానము ‘ది రూమ్’ అను చిత్రమునకు లభించినది. 2003 జూన్‌లో లాస్ ఏంజిలీస్‌లో విడుదలైన దీనికి రచయిత, దర్శకుడు, నిర్మాత, కథానాయకుడు టామీ వైసో అను నొక్కడే. వ్యయము అరువది లక్షల డాలర్లని చెప్పుదురు. తొలి రెండు వారములలో వచ్చినది 1,800 డాలర్ల మాత్రము. ఫిలిం కెమేరాను, డిజిటల్ కెమేరాను ప్రక్కప్రక్కనే యుంచి రెండిటితోను ఏకకాలమున చిత్రీకరించిన ఘనత ఈయనది. కథానాయిక తల్లి తనకు క్యాన్సరు సోకినదని యొక సన్నివేశమున చెప్పును. తరువాత ఆ ప్రసక్తియే రాదు. బల్లపై గల పటమున మనుష్యులకు బదులు చెంచా బొమ్మ యుండును. నేడు ఆ పటము తెరపై కనబడినప్పుడెల్ల ప్రేక్షకులు ప్లాస్టిక్ చెంచాలను గుప్పెళ్లతో తెరమీదికి విసరుట ఆచారమైనది. వైసో తానును ఇట్టి ప్రదర్శనలకు వచ్చి జనముతో కలిసి వినోదించుచు, ఇది నవ్వించుటకే తీసినదని చెప్పుకొనును. ఆయనతో నటించినవారు మాత్రము దానిని ఒప్పుకొనరు.

ఈ ఆనందమునకు మూలమేమి? పాశ్చాత్యులలో సూసన్ సోంటాగ్ అను విదుషి 1964లో ప్రకటించిన వ్యాసమున నొక మాట చెప్పినది: సంపూర్ణమైన చిత్తశుద్ధితో చేయబడి విఫలమైన ప్రయత్నమునందే యిట్టి వినోదము పుట్టునని. కాని మన ఆలంకారికులు ఈ మర్మమును ఏనాడో గ్రహించిరి. అనౌచిత్యమే రసభంగమునకు కారణమని ఆనందవర్ధనుడు నిర్ణయించెను. అభినవగుప్తుడు మఱియొక అడుగు ముందునకు వేసి, అనుచితముగా ప్రవర్తిల్లిన ఏ రసమైనను ఆభాసమై హాస్యమునకు హేతువగునని చెప్పెను. క్షేమేంద్రుడు దానినే బాలురకును బోధపడునట్లు, మొలనూలును మెడయందును, హారమును నడుమునందును ధరించినవారిని చూచి నవ్వనివారెవరని ప్రశ్నించెను. కరుణ నుద్దేశించిన సన్నివేశమున నటుడు ఎలుగెత్తి యరచినను, భయానకమునకై తెచ్చిన శవము తన అంగీ తగిలి తడబడినను, మనకు కలుగునది ఆ రసము కాదు, హాస్యమే. హారము చక్కనిదే, మొలనూలును చక్కనిదే. అవి యున్న చోటు తప్పినది.

అట్లైనచో చెడ్డ చిత్రములన్నియు నేల నవ్వింపవు? వానిలో నూటికి తొంబదింటియందు హారమును లేదు, మొలనూలును లేదు గనుక. లాభాపేక్షతో, అరువు కథతో, అరకొర శ్రద్ధతో తీసిన చిత్రము రసభంగమును సయితము సాధింపలేదు. నిద్రను మాత్రము తెచ్చును. నవ్వు పుట్టవలెనన్న, ఎత్తునకు ఎగురబోయి పడినవాడు కావలెను. కూర్చున్నవాడు పడలేడు.

కనుకనే బుద్ధిపూర్వకముగా చెడ్డగా తీసిన చిత్రములు వేఱు జాతికి చెందినవి. 2013లో అమెరికా టెలివిజనులో వచ్చిన ‘షార్క్‌నాడో’ యందు సుడిగాలి సొరచేపలను మోసికొనివచ్చి నగరముపై కురిపించును. 2014లో మన తెలుగున సంపూర్ణేష్ బాబు కథానాయకుడుగా వచ్చిన ‘హృదయ కాలేయం’ మన కథానాయకుల ఆర్భాటములను వెక్కిరించి జనుల మెప్పు పొందినది. ఇవి పరిహాస రచనలు. వీనికి వీని గౌరవము కలదు. కాని జారిపడినట్లు నటించు విదూషకుని చూచి నవ్వుట వేఱు, రాజఠీవితో నడచుచు తన వస్త్రమునే త్రొక్కి జారినవానిని చూచి నవ్వుట వేఱు.

ఇచ్చటనే ధర్మప్రశ్న యెదురగుచున్నది. పడినవానిని చూచి నవ్వుట తగునా? 1944 అక్టోబరు 25వ తేదీన న్యూయార్కు కార్నెగీ హాలులో ఫ్లోరెన్స్ ఫాస్టర్ జెన్‌కిన్స్ అను డెబ్బదియాఱేండ్ల వృద్ధురాలు కచ్చేరి చేసెను. శ్రుతియు లయయు ఆమెకు దూరములు. టిక్కెట్లన్నియు ముందే అమ్ముడుపోయినవి. సభ పకపక నవ్వెను, పత్రికలు తూలనాడెను, ఒక నెలకే ఆమె మరణించెను. ఆ సభలో ఎందఱు ప్రేమతో నవ్విరో, ఎందఱు క్రౌర్యముతో నవ్విరో మన మెఱుగము. నవ్విన మాత్రమున పాపము లేదు. నవ్వుచు నవ్వుచు తానంతకంటె అధికుడనని యెంచుకొనుటయే దోషము.

ఈ భేదము తెలుగువారికి అనుభవములోనిదే. 2003 నాటి ‘పల్నాటి బ్రహ్మనాయుడు’ చిత్రమున కథానాయకుడు తొడగొట్టగా రైలు వెనుకకు పోవును. ఆ దృశ్యపుతునుక ఇంటర్నెట్టు ద్వారమున దేశమంతట వ్యాపించి, దక్షిణాది చిత్రములన్న నిట్టివేయని హేళనకు సాధనమైనది. అదే దృశ్యమును చూచి మనవారును నవ్విరి. కాని ఆ నవ్వులో నొక చనువు కలదు, ఇంటిలోని మేనమామ కోతలు వినునప్పటి చనువు. ఒకే దృశ్యము, రెండు నవ్వులు. ఒకటి యింటివారిది, రెండవది గోడమీదనుండి తొంగిచూచువారిది. హిందీ చిత్రమగు 1998 నాటి ‘గుండా’లోని అంత్యప్రాసల సంభాషణలను కంఠస్థము చేసి పఠించు ఉత్తరాది యువకుల నవ్వును మొదటి తెగలోనిదే. చిత్రమును పలుమార్లు చూచి, ప్రతి తప్పును నెమరువేసికొనువానిని ద్వేషియనుటకు వీలులేదు.

ఇందువలన చెడ్డదియే మంచిదని మేము సిద్ధాంతీకరించుట లేదు. ప్రేక్షకులు నవ్వుకొందురుగదా యని అశ్రద్ధగా చిత్రములు తీయువారికి ఇది రక్షాపత్రము కానేరదు. అట్టివారికి నవ్వును దక్కదు, మెప్పును దక్కదు. మంచిని గుర్తింపగలవానికే చెడ్డలోని హాస్యమును తెలియును. ఔచిత్య మెఱుగనివానికి అనౌచిత్యము కనబడదు. కావున మంచి చిత్రములను విడువక చూచుట ఈ వినోదమునకును మొదటి యర్హత.

తుదకు పాఠకులకు మా మనవి యొక్కటి. కదలు సమాధులను, దారములకు వ్రేలాడు పళ్లెములను చూచి నవ్వుడు. కాని నవ్వునప్పుడు, అద్దె కట్టలేనివాడొకడు తనకున్నదెల్ల వెచ్చించి, తనకు చేతకాని పనిని మనసార ప్రేమించి చేసినాడని కూడ తలంపుడు. చేతనైనంత వఱకే చేసి కీర్తి పొందినవారు లోకమున పెక్కుమంది కలరు. చేతకానిదానికై సాహసించి, ఏండ్లు గడచినను జనులను ఇంతగా సంతోషపెట్టుచున్నవారు మిక్కిలి కొలదిమంది.