ఆంగ్లేయుల కాలవ్యవహారము

యోగార్థముకంటె రూఢ్యర్థము బలవత్తరమని శాబ్దికులు చెప్పుదురు. ఈ న్యాయము కాలబోధకములగు పదములయందుఁ గానవచ్చునంత స్పష్టముగా మఱియొకచోటఁ గానరాదు. పాఠశాలలయందు ఆంగ్లమును బోధించువారును, ఆంగ్లమునుండి తెలుఁగునకుఁ బరివర్తనము చేయువారును, కఠినపదములయందుఁ గాక, దినదినము వినఁబడు కాలవాక్యములయందే తఱచుగాఁ బొరపడుచుందురు. వ్యాకరణము తెలియకపోవుట యందులకుఁ గారణము కాదు. పదమును విఱిచి యర్థము చెప్పినఁ జాలునను నమ్మికయే కారణము.

మధ్యాహ్నమును దెలుపు 'నూన్' అను పదమును జూడుఁడు. తొమ్మిదవదియను నర్థముగల 'నోనా' యను లాటిను శబ్దమునుండి యది పుట్టినది. సూర్యోదయమునుండి గంటలను లెక్కించు రోమనుల పద్ధతిలో నది నేఁటి గణనమున మధ్యాహ్నము సుమారు 3 గంటల వేళ. క్రైస్తవమఠములలో ఆ వేళ జరుగు ప్రార్థనకును నదియే పేరు. కాలక్రమమున నా పేరు వెనుకకు జరిగి, సుమారు 14వ శతాబ్దము నాఁటికి, 12 గంటల వేళయందు రూఢమయ్యెను. నేఁడా పదమును విని తొమ్మిదిని స్మరించువాఁడు లేఁడు.

'ఫోర్ట్‌నైట్' అను పదము దీనికి భిన్నముగా యోగార్థమును నిలుపుకొన్నది. పదునాలుగు రాత్రులని దాని విగ్రహము. ప్రాచీనాంగ్లేయులు దినములను రాత్రులతో లెక్కించెడివారు. ఆ గణనము ఈ పదమున మిగిలినది. దీనిని 'పక్షము' అని తెలిఁగించుట వాడుక. కాని పక్షము 15 తిథుల పరిమాణము కలది. ఫోర్ట్‌నైట్ 14 దినములది. కథలలో నీ భేదము గణనకు రాదు. కూలి లెక్కలోను, గడువు పత్రములోను వచ్చును. ఇఁక 'బైమంత్లీ' యను పదమునకు యోగార్థమే రెండు విధములు. రెండు నెలలకొక పర్యాయమనియు, నెలకు రెండు పర్యాయములనియు నిఘంటువులు రెండర్థములను జెప్పుచున్నవి. అచట సందర్భము దక్క వేఱు శరణము లేదు.

గంటల వ్యవహారమున నింకొక విశేషము కలదు. బ్రిటనులో 'హాఫ్ సెవెన్' అనఁగా ఏడున్నర. 'హాఫ్ పాస్ట్ సెవెన్' అను పూర్ణప్రయోగమున నడిమి పదము లోపింపఁగా నిది యేర్పడినది. ఆంగ్లమునకు సోదరభాషయగు జర్మనులో, సరిగా నవే యర్థములుగల 'హాల్బ్ జీబెన్' అను పదములకు ఆఱున్నర యని యర్థము. ఏడవ గంటలో సగము గడచినదని వారి తాత్పర్యము. సంస్కృతమున అర్ధతృతీయమనఁగా రెండున్నర, అర్ధసప్తమమనఁగా ఆఱున్నర. కావున జర్మనుల వాడుక సంస్కృతజ్ఞునకు వింత గాదు. ఏడును నరయును గలిసి యేడున్నర యగుట తెలుఁగునఁ బ్రసిద్ధము. కావున నాంగ్లేయుల వాడుక తెలుఁగువానికి వింత గాదు. రెండును యుక్తియుక్తములే. అందుచేతనే యుక్తి యిచట నిర్ణాయకము కానేరదు.

బుధవారమునాఁటి సభ రెండు దినములు 'ఫార్వర్డ్' జరుపఁబడినదని వినిన యాంగ్లేయులలోఁ గొందఱు సభ సోమవారమనియుఁ, గొందఱు శుక్రవారమనియుఁ జెప్పుదురు. కాలము తమవైపు నడచివచ్చుచున్నట్లు భావించువారికి ముందనఁగాఁ దమకు దగ్గఱ. తామే కాలములో నడచిపోవుచున్నట్లు భావించువారికి ముందనఁగాఁ దమకు దూరము. లేరా బొరొడిట్‌స్కీ, మైకేల్ రామ్‌స్కర్ అను పరిశోధకులు 2002లోఁ బ్రకటించిన పరీక్షలలో, బంధుమిత్రుల నెదుర్కొనుటకై విమానాశ్రయమున వేచియున్నవారికంటె, విమానము దిగివచ్చినవారు శుక్రవారమని యెక్కువగాఁ జెప్పిరి. ఇందులకుఁ దెలుఁగువాఁడు నవ్వరాదు. 'పెండ్లికి ముందు' అనునపుడు ముందు పూర్వకాలము. 'ముందు కాలము' అనునపుడు రానున్న కాలము. 'వెనుకటి రాజులు' గతించినవారు. 'భోజనమైన వెనుక' అనఁగా అనంతరము. ఈ ద్వైవిధ్యము తెలుఁగువాని నోటనే యున్నది.

దినారంభవిషయమునఁ గలుగు పొరపాటు వీని యన్నిటికంటెఁ బెద్దది. పంచాంగమున వారము సూర్యోదయముతో మొదలగును. ఆంగ్లేయుల దినము అర్ధరాత్రముతో మొదలగును. అర్ధరాత్రము దాఁటిన 2 గంటలను వారు 'మార్నింగ్' అందురు. దానిని 'ఉదయము 2 గంటలు' అని తెలిఁగించుట పదమునకుఁ బదము పెట్టుటయే కాని యర్థము చెప్పుట గాదు. ఈ రెండు గణనములును దాఁకినచోటనే, శుక్రవారము రాత్రి 2 గంటల ముహూర్తమును దెలుపు శుభలేఖలో 'తెల్లవారిన శనివారము' అని చేర్చు నాచారము తెలుఁగువారికిఁ గలిగినది. ఆంగ్లమున నది శనివారమే. 'శుక్రవారము 2 ఏ.ఎం.' అని వ్రాసినచో బంధువులు 24 గంటలు ముందుగా విడిదిలో దిగుదురు. రైలు చీటిపై శనివారము 0.30 అని యుండఁగా శనివారము పగలెల్ల గడపి రాత్రి స్టేషనునకుఁ బోయినవానికి రైలు దొరకదు. అది ముందటి రాత్రియే పోయినది.

ఈ చిక్కు పాణినీయులకుఁ గ్రొత్తది గాదు. పాణిని యనద్యతనభూతమున లఙ్‌ను, అనద్యతనభవిష్యత్తున లుట్‌ను విధించెను. అద్యతనమనఁగా నెంతవఱకు? సూత్రములలో దానికి లక్షణము లేదు. అంతియ కాక, కాలపరిభాష లోకమువలననే సిద్ధించుటచే శాస్త్రము విధింపనక్కఱలేదని ప్రథమాధ్యాయ ద్వితీయపాదమున నాచార్యుఁడు సూచించెను. అచటఁ గాశిక రెండు మతములను దెలుపుచున్నది. ఉచితమగు వేళ నిదుర లేచినది మొదలు ఉచితమగు వేళఁ బరుండువఱకు నద్యతనమని యొకటి. పగలును, దాని కిరుప్రక్కల నుండు నర్ధరాత్రములును గలిసి యద్యతనమని యింకొకటి. రెండవది యాంగ్లేయుల గడియారపు దినమే. మొదటిదియు వారి నోట లేకపోలేదు. రాత్రి 1 గంటవఱకు మేలుకొనియున్న యాంగ్లేయుఁడు 'టుమారో' కలిసికొందమని చెప్పినచో, నిదురించి లేచిన పిమ్మటి పగలే యతని యభిప్రాయము. గడియారము ప్రకార మది 'టుడే' యైనను సరే.

ఇట్లు ఒకే జాతివారు ఒకే దినమును గడియారముతో నొకవిధముగను, నోటితో నొకవిధముగను గొలుచుచుండఁగా, నిఘంటువును జూచి యర్థము వ్రాసిన బాలుఁడు తప్పినచో దోషము బాలునిది గాదు. పదముతోఁబాటు వ్యవహారమును జెప్పని బోధకునిది. కాలవాక్యమును బోధించునపుడు, ఎవరు, ఏ దేశమున, ఏ వేళ నా మాట పలికిరో తెలిపిన పిమ్మటనే యర్థము చెప్పవలెను. పరివర్తనము చేయునపుడు వారము, తేది, గంట యను మూఁటిని వ్రాసి, అర్ధరాత్రము దాఁటిన వేళయగుచో నది యే రెండు పగళ్ల నడిమి రాత్రియో స్పష్టపఱుపవలెను. లోకమువలననే తెలియునని పాణిని విడిచిన విషయమునకు లోకమునే ప్రమాణముగాఁ గొనుట పండితులకు యుక్తము.