మంచు నేలలో తాళవనం

చలి దేశాల్లో తాటి కుటుంబపు చెట్లను పెంచేవారు, సేకరించేవారు రెండు శతాబ్దాలుగా నేర్చుకున్న విద్య

తాటి, ఈత, కొబ్బరి, పోక, ఖర్జూరం, జీలుగు, శ్రీతాళం... ఇవన్నీ ఒకే కుటుంబం. వృక్షశాస్త్రంలో దాని పేరు అరెకేసీ. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో దాదాపు 2,600 జాతులున్నాయి. వాటిలో అత్యధికం మంచు కురవని ఉష్ణమండలంలో పుట్టినవే. కొన్ని మాత్రం ఆ హద్దు దాటి వెళ్లాయి. మధ్యధరా తీరపు పొట్టి జాతి కెమరాప్స్ హ్యూమిలిస్ దక్షిణ యూరప్‌లో సహజంగా పెరుగుతుంది. న్యూజిలాండ్ వారి నికావ్ దక్షిణంగా చాథం దీవుల దాకా, అంటే 44 డిగ్రీల అక్షాంశం వరకు వ్యాపించింది. హిమాలయాల్లో, చైనా కొండల్లో, ఆండీస్ పర్వతాల్లో, బలూచిస్తాన్ ఎడారుల్లో మరికొన్ని ఉన్నాయి. చలి దేశాల్లో తాళవృక్షాలు పెంచాలనుకునేవారికి ఆధారం ఈ కొద్ది జాతులే. చెట్టు పుట్టిన చోటి ఎండ, వాన, చలి ఎలా ఉంటాయో తెలుసుకున్న తోటలు నిలిచాయి. తెలుసుకోని చోట చెట్లు ఒక్క శీతాకాలంలోనే పోయాయి.

మొవ్వు ఉంటేనే చెట్టు

వేప, చింత లాంటి చెట్లకు కొమ్మకొమ్మకూ చిగుళ్లుంటాయి. ఒకచోట మాడినా మరోచోట చిగురిస్తాయి. తాళవృక్షాలకు ఆ వెసులుబాటు లేదు. సాధారణంగా ఒక కాండానికి ఒకటే మొవ్వు ఉంటుంది. కొత్త మట్టలన్నీ అక్కడి నుంచే రావాలి. మొవ్వు చచ్చిపోతే ఆ కాండం బతకదు. మామూలు చెట్లకు ఏటా కాండాన్ని లావు చేసే కణజాల పొర ఉంటుంది. తాళవృక్షాలకు అదీ లేదు కాబట్టి కాండానికి తగిలిన గాయం మానదు. చలిదేశపు చెట్లలా శీతాకాలంలో ఆకులన్నీ రాల్చి నిద్రపోవడం కూడా వీటికి చేతకాదు.

చలి వీటిని మూడు విధాలుగా దెబ్బతీస్తుంది. ఆకు కణజాలంలో మంచు కట్టి కణాలు పగిలిపోవడం మొదటిది. రెండోది నేల గడ్డకట్టడం. అప్పుడు వేరు నీటిని పీల్చలేదు, పైన గాలికీ ఎండకీ ఆకు మాత్రం నీరు పోగొట్టుకుంటూనే ఉంటుంది. మొక్క మంచులో ఉండి కూడా దాహంతో ఎండిపోతుంది. మూడోది అన్నిటికంటే మోసపూరితమైనది. చలికి దెబ్బతిన్న మొవ్వులో తడి చేరి శిలీంధ్రాలు, బ్యాక్టీరియా ప్రవేశిస్తాయి. చలి తగ్గిన కొన్ని వారాలకు, ఇక గండం గడిచిందనుకున్నాక, నడిమి మొవ్వాకు పట్టి లాగితే ఊడి చేతికొస్తుంది.

ఈ లక్షణం కోనసీమ రైతులకు కొత్తది కాదు. కొబ్బరికీ తాటికీ వచ్చే మొవ్వుకుళ్లులో కనిపించేదీ ఇదే. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో గోదావరి డెల్టాలోని తాటిచెట్లను కూలుస్తున్న ఈ తెగులును ఇ.జె.బట్లర్ అనే శాస్త్రవేత్త పరిశీలించారు. దానికి కారణమైన సూక్ష్మజీవిని 1907లో వర్ణించారు. నేడు దాని పేరు ఫైటోఫ్తోరా పామివోరా. కుళ్లిన భాగం తీసేసి బోర్డో పేస్టు పూయడం ఇక్కడి వైద్యం. చలి దేశాల పెంపకందార్లు కూడా మొవ్వు దెబ్బతింటే కుళ్లును శుభ్రం చేసి, రాగి మందునే ఆశ్రయిస్తారు.

పాదువా నుంచి ఆస్బోర్న్ దాకా

చలిప్రాంతపు తోటల్లో తాళవృక్షాల చరిత్ర ఇటలీలోని పాదువాలో బాగా కనిపిస్తుంది. 1545లో ఏర్పడిన అక్కడి వృక్షశాస్త్ర ఉద్యానంలో 1585లో ఒక కెమరాప్స్ మొక్క నాటారు. జర్మన్ కవి గోథే 1786లో దాన్ని చూశారు. 1790లో వెలువడిన ఆయన వృక్షరూప పరిణామ సిద్ధాంతానికి ఆ చెట్టు మట్టల పరిశీలన తోడ్పడింది. అద్దాల గది రక్షణలో ఆ చెట్టు నేటికీ బతికే ఉంది.

19వ శతాబ్దంలో ఐరోపా సంపన్నులు ఉష్ణమండలాన్నే తమ దేశానికి తెచ్చుకోవాలనుకున్నారు. లండన్‌లోని క్యూ ఉద్యానంలో 1844-48 మధ్య ఇనుము, గాజుతో పామ్ హౌస్ కట్టారు. లోపల బాయిలర్ల వేడి, పైన వెలుగు. ఎంత ఖర్చు పెట్టినా కప్పు కింద పెరిగే చెట్టుకు ఒక హద్దుంటుంది. క్యూలోనే టెంపరేట్ హౌస్ అనే మరో అద్దాల భవనంలో, చిలీ విత్తనం నుంచి ఆ శతాబ్ది మధ్యలో పెంచిన జుబేయా అనే తాళవృక్షం పైకప్పును తాకే దాకా ఎదిగింది. చివరికి దాన్ని కొట్టేయక తప్పలేదు.

అద్దాల గది అక్కర్లేని చెట్టు చైనా నుంచి వచ్చింది. దాని పేరు ట్రకికార్పస్ ఫార్చ్యునై. కాండమంతా గోధుమరంగు పీచు, పైన విసనకర్రల్లాంటి ఆకులు. ఆ పీచుతో చైనాలో తాళ్లు, చీపుర్లు, వాన తొడుగులు చేసేవారు. జపాన్‌లో పనిచేసిన వైద్యుడు సీబోల్డ్ 1830లో దీని విత్తనాలను నెదర్లాండ్స్‌లోని లైడెన్‌కు పంపారు. మొక్కల అన్వేషకుడు రాబర్ట్ ఫార్చ్యూన్ దీన్ని చైనా తూర్పు తీరంలోని జౌషాన్ ద్వీపంలో చూసి, 1849లో ఇంగ్లండ్‌కు మొక్కలు పంపారు. వాటిలో ఒకదాన్ని 1851 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, వైట్ ద్వీపంలోని ఆస్బోర్న్ హౌస్ తోటలో ఆరుబయట నాటారు. తర్వాత ఈ జాతి బ్రిటన్ అంతటా ఇళ్ల ముందరికి చేరింది.

ఏ జాతి ఎంత చలికి ఓర్చుకుంటుంది?

చలిని అన్నిటికంటే ఎక్కువ తట్టుకునేది అమెరికా ఆగ్నేయ ప్రాంతపు రేపిడోఫిల్లం హిస్ట్రిక్స్. నీడిల్ పామ్ అంటారు. దాని మొవ్వు నేలకు దగ్గరగా, పొడవాటి ముళ్లు, రాలిన చెత్త మధ్య దాగి ఉంటుంది. నిలదొక్కుకున్న మొక్క మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌ను కూడా దాటి బతికిన సందర్భాలున్నాయి. అదే ప్రాంతపు సేబల్ మైనర్ కాండం చాలావరకు నేలలోనే ఉంటుంది. పైన ఆకులు మాడినా కింద మొవ్వు క్షేమం. తూర్పు కనుమల అడవుల్లో చిట్టీత కార్చిచ్చుకు ఆకులన్నీ కాలినా మళ్లీ మొలకెత్తేది ఈ ఉపాయంతోనే.

ట్రకికార్పస్ ఫార్చ్యునై సుమారు మైనస్ 15 డిగ్రీల వరకు, కెమరాప్స్, జుబేయా మైనస్ 10, 12 డిగ్రీల ప్రాంతం దాకా ఓర్చుకుంటాయి. వీధుల్లో వరసగా నాటే కేనరీ ఖర్జూరం మైనస్ 7, 8 డిగ్రీల దగ్గర తీవ్రంగా దెబ్బతింటుంది. కొబ్బరి సంగతి వేరు. నీరు గడ్డకట్టే చలి అక్కర్లేదు, 10 డిగ్రీల లోపు చల్లదనం రోజుల తరబడి ఉంటేనే అది కుంగిపోతుంది. కొబ్బరిది తప్ప ఈ అంకెలన్నీ నిలదొక్కుకున్న మొక్కలకు, కొద్ది గంటల చలికి వర్తించేవి. లేత మొక్కకు ఇంత ఓర్పు ఉండదు.

ట్రకికార్పస్ బంధువులు భారతదేశంలోనూ ఉన్నాయి. కుమావూ కొండల్లో, శీతాకాలం మంచు పడే ఎత్తుల్లో, ట్రకికార్పస్ టకిల్ పెరుగుతుంది. ఇటలీ శాస్త్రవేత్త బెకారి 1905లో దానికి ఆ పేరు పెట్టారు. మేఘాలయ ఖాసీ కొండల్లో మార్షియానస్ ఉంది. డార్జిలింగ్, కాలింపాంగ్ ప్రాంతపు లాటిసెక్టస్‌కు 1997లో, మణిపూర్‌లోని ఉఖ్రూలెన్సిస్‌కు 2006లో శాస్త్రీయ నామాలు దక్కాయి.

థర్మామీటర్ చెప్పని సంగతులు

అమెరికా వ్యవసాయ శాఖ దేశాన్ని చలి మండలాలుగా విభజించి పటం ప్రచురిస్తుంది. ఏటా నమోదయ్యే అతి తక్కువ ఉష్ణోగ్రతల 30 ఏళ్ల సగటు దానికి ఆధారం. సగటు మీద నమ్మకంతో నాటిన చెట్టును ఒక అసాధారణ రాత్రి చంపేయగలదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను ముంచెత్తిన చలి అందుకు సాక్ష్యం. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన హ్యూస్టన్, ఆస్టిన్ పరిసరాల్లో వాషింగ్టోనియా రొబస్టా చెట్లు అసంఖ్యాకంగా మాడిపోయాయి. ఆ నేలకే చెందిన సేబల్ జాతులు చాలావరకు తట్టుకున్నాయి.

చలి తీవ్రతతో పాటు అది ఎంతసేపు ఉందన్నదీ, దానితో తడి ఉందా లేదా అన్నదీ ముఖ్యం. పొడి చలికి నిలిచిన జాతే తడి చలికి కుళ్లిపోతుంది. బలూచిస్తాన్, అఫ్గానిస్తాన్‌ల మజారి తాళం మంచునూ మండుటెండనూ భరిస్తుంది గానీ, ఇంగ్లండ్ ముసురును ఓర్చుకోలేదు. వేసవి కూడా లెక్కలోకి వస్తుంది. ట్రకికార్పస్‌కు చల్లని వేసవి చాలు. సేబల్ జాతులకు గట్టి వేసవి వేడి కావాలి. అందుకే మైనస్ 18 డిగ్రీలకు ఆగే సేబల్ మైనర్ బ్రిటన్‌లో ఏళ్ల తరబడి ఎదుగూ బొదుగూ లేకుండా ఉంటుంది.

ఒకే ఊళ్లో ఒక పెరడు మరో పెరడులా ఉండదు. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు తిరిగిన ఇటుక గోడ పగటి వేడిని దాచుకుని రాత్రి విడుదల చేస్తుంది. పల్లంలో చల్లగాలి పేరుకుంటుంది, ఏటవాలులో జారిపోతుంది. సముద్రం దగ్గరుంటే చలి మెత్తబడుతుంది. ఇంగ్లండ్ నైరుతి కొసన సిల్లీ దీవుల్లోని ట్రెస్కో ఆబీ తోటలో కేనరీ ఖర్జూరాలు ఆరుబయటే ఎదగడానికి అట్లాంటిక్ వెచ్చని ప్రవాహమే కారణం.

నాటే వేళ, కాపాడే తీరు

చలి దేశంలో తాళ మొక్కను వసంతం చివర, నేల వెచ్చబడ్డాక నాటాలి. తొలి శీతాకాలం వచ్చేలోగా వేరు పట్టడానికి దానికి ఒక వేసవి మొత్తం దొరుకుతుంది. నీరు నిలిచే నేలైతే ఇసుక, కంకర కలిపి మిట్ట చేసి నాటడం మేలు. ఎరువు వేసవి చివరికి ఆపేయాలి. శరదృతువులో పుట్టిన లేత మట్ట చలికి మొదటి బలి.

శీతాకాలం ముందు మొదలు చుట్టూ ఎండుటాకులు, చెక్కపొట్టు మందంగా పరుస్తారు. నేల గడ్డకట్టకుండా వేరును కాపాడేది ఈ పొరే. మట్టలను పైకి కూడగట్టి తాడుతో వదులుగా కట్టి, గాలి ఆడే తెల్లటి ఫ్లీస్ గుడ్డ చుడతారు. వాన, మంచు మొవ్వులో దిగకుండా పైన చిన్న కప్పు పెడతారు. చలి మరీ ముదిరే చోట పాతకాలపు చిన్న బల్బుల దండను కాండానికి చుడతారు. ఎల్ఈడీ దీపాలు ఇందుకు పనికిరావు, వాటి నుంచి చాలినంత వేడి రాదు. చలి సడలిన రోజున చుట్టిన గుడ్డ విప్పాలి. నెలల తరబడి మూసి ఉంచిన మొక్కలో తేమ చేరి, కాపాడాలనుకున్న మొవ్వే కుళ్లుతుంది.

చెట్టంతా మాడినట్టు కనిపించినా వెంటనే నరకకూడదు. మొవ్వు బతికుంటే వేసవిలో కొత్త ఆకు వస్తుంది. ఆకుపచ్చగా మిగిలిన మట్ట సగమే ఉన్నా దాన్ని ఉంచాలి. చెట్టు తేరుకోవడానికి అదే ఆహారం తయారుచేస్తుంది.

సేకరణ ఒక బాధ్యత

తాళవృక్షాల అభిమానులకు 1956లో ఒక సంఘం ఏర్పడింది. అమెరికాలోని ఫ్లారిడాలో డెంట్ స్మిత్ స్థాపించిన ఆ సంఘం నేడు అంతర్జాతీయ పామ్ సొసైటీగా నడుస్తోంది. ఇలాంటి సంఘాల ప్రధాన బలం విత్తనాల మార్పిడి. చాలా జాతుల విత్తనాలు ఎండితే మొలకెత్తవు. తడి ఆరకముందే చేతులు మారాలి, మొలకకు నెలలు ఆగాలి. మడగాస్కర్‌లో 2008లో ప్రపంచానికి పరిచయమైన తహినా స్పెక్టబిలిస్ శ్రీతాళంలాగే జీవితంలో ఒక్కసారి పూసి చనిపోయే మహావృక్షం. దాని విత్తనాలను సేకర్తలకు అమ్మి, వచ్చిన డబ్బును ఆ చెట్లున్న పల్లెకే అందించారు. మారిషస్‌లోని క్యూర్‌పిప్ తోటలో హయోఫోర్బె అమరికాలిస్ జాతికి మిగిలింది ఒకే ఒక్క చెట్టు. చెట్టును కాక విత్తనాన్ని తరలించే సేకరణ అరుదైన జాతులకు ఊపిరి పోయగలదు.

పెరిగిన చెట్లను దేశాలు దాటించడం మాత్రం ముప్పు తెచ్చింది. మన కొబ్బరి తోటలకు తెలిసిన ఎర్రముక్కు పురుగు అలా తరలిన చెట్లతోనే మధ్యధరా తీరానికి చేరి, అక్కడి కేనరీ ఖర్జూరాలను పెద్దఎత్తున చంపింది. విజయం కూడా ఒక్కోసారి సమస్య అవుతుంది. స్విట్జర్లాండ్ దక్షిణాన టిచీనో అడవుల్లో ట్రకికార్పస్ తోటలు దాటి విస్తరించి స్థానిక మొక్కలను కమ్మేయడంతో, 2024 సెప్టెంబరు 1 నుంచి ఆ దేశం దాని అమ్మకాన్ని నిషేధించింది. చిలీలో కథ మరోలా సాగింది. జుబేయా తీపి రసం కోసం చెట్టునే పడగొట్టే పద్ధతి వల్ల ఆ జాతి బాగా తరిగిపోయింది. తెలుగునాట గీత కార్మికులు తాటిని, ఈతను బతికించుకుంటూనే ఏటా కల్లు తీస్తారు. ఆ నైపుణ్యం విలువ ఈ పోలికలో తెలుస్తుంది.

తెలుగు నేలకు తగిన తోట

ఆంధ్ర, తెలంగాణ పెరళ్లకు సవాలు చలి కాదు, వేసవి. కొలంబియా కొండల్లో 60 మీటర్ల దాకా ఎదిగే సెరాక్సిలాన్‌కు తీవ్రమైన మంచుగానీ మండుటెండగానీ పడవు. హైదరాబాద్ ఏప్రిల్‌ను అది తట్టుకోవడం కష్టం. ఇక్కడ నాటాల్సినవి ఈ ఎండల్లో పుట్టినవే. అందులో ఈత ముందుంటుంది. లినీయస్ తర్వాత దాని నేటి శాస్త్రీయ నామాన్ని స్థిరపరచిన విలియం రాక్స్‌బర్గ్, అంతకుముందు సామర్లకోటలో మొక్కల తోట నడిపినవారు. అదే ఈత నేడు ఫ్లారిడాలో ఖరీదైన అలంకార వృక్షం. ఎండనూ కొద్దిపాటి మంచునూ రెంటినీ ఓర్చుకోవడమే దానికి ఆ గిరాకీ తెచ్చింది.

పుట్టినచోట మాత్రం ఈతవనాలు రియల్ ఎస్టేట్ ప్లాట్ల కింద పోతున్నాయి, తాటిచెట్లు ఇటుక బట్టీలకు చేరుతున్నాయి. పెరట్లో జాగా ఉన్నవారు నర్సరీలో విదేశీ పామ్ అడిగే ముందు ఒక ఈత, ఒక జీలుగు, ఒక శ్రీతాళం గురించి ఆలోచించాలి. చెరువుగట్టు ఉన్న ప్రతి ఊరూ వానాకాలంలో తాటి టెంకలు నాటించాలి.