వరదకు చోటిచ్చిన డిజైనర్

పాత ఫ్యాక్టరీ మూతపడితే ఏం చేస్తారు? జేసీబీ పెట్టి నేలమట్టం చేసేస్తారు. ఆ చోట అపార్ట్‌మెంటో, మాలో లేస్తుంది. చైనా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ కాంగ్‌జియన్ యూ రూటే వేరు.

1963లో జెజియాంగ్ ప్రాంతంలోని ఓ పల్లెలో, రైతు కుటుంబంలో పుట్టారాయన. పదేళ్లప్పుడు వరదొచ్చిన వాగులో పడిపోయారు. ఒడ్డున ఉన్న చెట్లు, రెల్లు దుబ్బులు నీటి వేగాన్ని తగ్గించడంతో వాటిని పట్టుకుని బయటపడ్డారు. అక్కడ కాంక్రీటు గోడ ఉండుంటే బతికేవాణ్ని కాదనేవారు.

హార్వర్డ్‌లో 1995లో డాక్టరేట్ పూర్తిచేసి, రెండేళ్లకు చైనా తిరిగొచ్చారు. 1998లో ‘ట్యూరెన్‌స్కేప్’ సంస్థ పెట్టారు. జాంగ్‌షాన్‌లో దివాలా తీసిన ఓ షిప్‌యార్డ్‌ను పార్కుగా మార్చే పని వచ్చింది. తుప్పు పట్టిన క్రేన్లు, పట్టాలు, వాటర్ ట్యాంకుల్ని అలాగే ఉంచి, వాటి చుట్టూ పార్కు కట్టారు. వరద కోసం నదిని వెడల్పు చేయాలంటే ఒడ్డునున్న పాత మర్రిచెట్లు కొట్టేయాలి. ఆయనేమో చెట్ల వెనక ఇంకో కాలువ తవ్వించారు. నీటికి దారి దొరికింది, చెట్లున్న చోటు దీవి అయింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, పాత కోడ్ డిలీట్ చేయకుండానే కొత్త ఫీచర్ ఇచ్చారన్నమాట!

షెన్యాంగ్‌లో ఓ యూనివర్సిటీ క్యాంపస్‌లోనైతే లాన్ బదులు వరి పండించారు. నాట్లు, కోతల్లో స్టూడెంట్సూ చేయి వేస్తారు.

వాన నీటిని తరిమేయకుండా నేలలోకి ఇంకనివ్వాలన్న ఆయన ‘స్పాంజ్ సిటీ’ ఆలోచనను చైనా ప్రభుత్వం 2015లో 16 నగరాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. అలాగని ఇదేం మంత్రం కాదు. స్పాంజ్ పనులు చేసుకున్న జెంగ్‌జౌ కూడా 2021లో కుండపోతకు మునిగింది. విమర్శలూ గట్టిగానే వచ్చాయి. అయినా ఆయన పని ఆగలేదు. బ్యాంకాక్‌లో ఒకప్పటి పొగాకు ఫ్యాక్టరీ స్థలం 2022 కల్లా చెరువులు, చెట్లతో బెంజకిట్టి ఫారెస్ట్ పార్క్‌గా మారింది.

2025 సెప్టెంబర్ 23న బ్రెజిల్‌లోని పంటనాల్ చిత్తడి నేలల దగ్గర డాక్యుమెంటరీ తీయడానికి వెళ్లి, విమాన ప్రమాదంలో కన్నుమూశారు.

ఆయన చెప్పింది మనకు కొత్తేం కాదు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల లెక్కా ఇదే: పై చెరువు నిండితే అలుగు పారుతుంది, ఆ నీళ్లు కింది చెరువు చేరతాయి. ఈసారి మీ వీధి మునిగితే డ్రైనేజీని తిట్టుకునే ముందు, అక్కడ ఒకప్పుడు ఏ చెరువు అలుగు పారేదో ఊళ్లో పెద్దవాళ్లను అడిగి చూడండి.