పిలిచిన ప్రతి ప్రోగ్రాముకూ వెళ్లాలా?

ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించేవారిని జనం అంతగా గమనించరు. అయినా 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చింది మొదలు, మామూలు గిటారు మంద్ర తీగలకంటె ఒక స్థాయి కిందుగా పలికే ఆ నాలుగు తీగలే పాటకు పునాది.

పెళ్లిళ్ల సీజనులో వచ్చిన ప్రతి పిలుపునూ ఒప్పుకొని, కన్నబిడ్డలను నిద్రలో తప్ప చూడని తండ్రులను మేమెరుగుదుము. కాబట్టి ఒప్పుకొనే ముందు అడగండి: దారిఖర్చులు పోగా మిగిలేదెంత? రిహార్సలు ఉన్నదా? అర్ధరాత్రి ఇల్లు చేర్చేదెవరు? తోటివారు తాగి స్టేజి ఎక్కేవారా?

డబ్బు కొంచెం తగ్గినా, తాళం తప్పని డ్రమ్మరు ప్రక్కన వాయించే అవకాశాన్ని వదలకండి; అక్కడ విద్య పెరుగుతుంది. కాదనడం గర్వం కాదు. ఒప్పుకొన్నచోట మాత్రం వేళకు వెళ్లి, శ్రుతి చేసుకొని, నమ్మకంగా వాయించండి.