మీకు తెలుసా? కండరం కదలాలంటే కాల్షియం కావాలి

భద్రాచలం అడవి పల్లెల్లో వానాకాలం రాత్రి నేల మీద పడుకున్నవారిని కట్లపాము కాటేస్తే చాలాసార్లు నొప్పే తెలియదు, గాటూ సరిగా కనబడదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి ఆడదు. ఎందుకంటే నరం చివర ఉండే కాల్షియం ఛానెళ్లు తెరుచుకుంటేనే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై కండరం కదులుతుంది. కట్లపాము విషం ముఖ్యంగా దెబ్బతీసేది ఆ నరం చివరనే. అందుకే పసరు మందులతో గంటలు పోగొట్టకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. యాంటీవీనమ్, అవసరమైతే వెంటిలేటరే ప్రాణం నిలుపుతాయి.

నరం చివర దెబ్బతినేది పాము విషంతోనే కాదు: లాంబర్ట్-ఈటన్ అనే అరుదైన జబ్బులో సొంత యాంటీబాడీలే అక్కడి కాల్షియం ఛానెళ్ల మీద దాడి చేస్తాయి. దానికి అమెరికా 2018లో అనుమతించిన అమిఫాంప్రిడిన్ అనే మందు పొటాషియం ఛానెళ్లను మూసి, కాల్షియం ఛానెళ్లు ఇంకాసేపు తెరిచి ఉండేలా చేస్తుంది. అంటే పరోక్షంగా. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల్లో పరీక్షించిన జీవీ-58 అనే కొత్త మందు నేరుగా నరాల కాల్షియం ఛానెళ్ల మీదే పనిచేస్తుంది. అసలు కష్టం ఇక్కడే ఉంది: గుండెలో, రక్తనాళాల్లో మరో రకం కాల్షియం ఛానెళ్లున్నాయి. బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్ మూసేది వాటినే. కొత్త మందు వాటి జోలికి పోకూడదు.