తలుపు తీసినవాడే తోడయ్యాడు

ప్రేమకథ అంటే పాటలు, పూలతోటలు, పెద్దల కోపతాపాలు... చివరికి శుభం కార్డు. మనకు అలవాటైన వరస ఇదే కదూ! మరి మూడేళ్లుగా స్నానమన్నదే ఎరగని ఒళ్లు, ముప్పై కిలోల బరువు, ఇరవై ఒక్క ఏళ్లు నిండకముందే నెరిసిన జుట్టు... అలాంటి ఆడపిల్ల జీవితంలో ఒక ప్రేమకథ మొదలైందంటే నమ్ముతారా?

ఆ అమ్మాయి పేరు గెర్డా వైస్‌మన్. యాభై ఏళ్ల తర్వాత ఆవిడే తన కథ చెప్పగా తీసిన డాక్యుమెంటరీ 'వన్ సర్వైవర్ రిమెంబర్స్' 1995లో వచ్చింది. దర్శకుడు కేరీ ఆంథోలిస్. నిడివి దాదాపు 40 నిమిషాలే. అయినా చూసినవాళ్ల మనసులో చాలాకాలం ఉండిపోయే చిత్రం.

నాన్న పట్టుదల

గెర్డాది పోలెండ్‌లోని బీల్‌స్కో పట్టణం. అమ్మ, నాన్న, అన్న ఆర్థర్... ముచ్చటైన కుటుంబం. 1939 సెప్టెంబర్‌లో హిట్లర్ సైన్యం ఊళ్లోకి వచ్చింది. యూదులుగా పుట్టడమే వాళ్లు చేసిన నేరం. ముందు అన్నను తీసుకుపోయారు. మిగిలినవాళ్లు సొంత ఇంట్లోనే నేలమాళిగలో తలదాచుకోవాల్సి వచ్చింది. 1942లో తండ్రిని ఒకవైపు, తల్లిని మరోవైపు తరలించారు. ఆ ముగ్గురూ మళ్లీ ఆమెకు కనిపించలేదు. నాజీలు పొట్టనపెట్టుకున్న 60 లక్షల మంది యూదుల్లో కలిసిపోయారు.

విడిపోయేముందు తండ్రి ఒక్కటే పట్టుబట్టాడు. మంచులో తొడుక్కునే బరువైన బూట్లు వేసుకెళ్లమన్నాడు. జూన్ నెల ఎండల్లో ఇవేమిటని కూతురు విసుక్కుంది. అయినా నాన్న మాట కాదనలేక వేసుకుంది. రెండున్నరేళ్లకు పైగా బట్టల మిల్లుల్లో వెట్టిచాకిరీ చేశాక, 1945 జనవరిలో నాజీలు ఆ ఆడవాళ్లను గడ్డకట్టే చలిలో నడిపించారు. సుమారు 550 కిలోమీటర్లు! సరైన చెప్పులైనా లేనివాళ్లు దారిలోనే రాలిపోయారు. గెర్డాను నాన్న వేయించిన బూట్లే కాపాడాయి.

ప్రాణస్నేహితురాలు ఇల్సే మాత్రం విడుదలకు వారం ముందు కన్నుమూసింది. శిబిరంలో ఉండగా తనకు దొరికిన ఒకే ఒక్క పండును తినకుండా రోజంతా దాచి, సాయంత్రం ఆకులో పెట్టి గెర్డాకు అందించిన పిల్ల ఆమె.

ఆ ఒక్క మర్యాద

1945 మే 7. చెకోస్లోవేకియాలోని వోలరీ. అమెరికన్ సైనికాధికారి కర్ట్ క్లైన్ జీపు దిగి వచ్చాడు. తాము యూదులమని గెర్డా బెదురుతూనే చెప్పింది. ఒక్క క్షణం మౌనం. తానూ యూదుడినేనన్నాడు. మిగతా ఆడవాళ్లను చూపించమని మర్యాదగా అడిగి, ఆమెకోసం తలుపు తీసి పట్టుకుని, ముందు నువ్వు నడువన్నట్టు నిలబడ్డాడు. అంతే! ఆరేళ్లుగా మనిషిగానే చూడని లోకంలో ఆ క్షణమే తనను తిరిగి మనిషిని చేసిందని ఆవిడ జీవితాంతం చెప్పుకున్నారు.

కర్ట్ పుట్టింది జర్మనీలోనే. 1937లో అమెరికా చేరాడు. అమ్మానాన్నలను కూడా రప్పించుకోవాలని వీసాల కోసం ఎంతో తిరిగాడు. కాగితాలు కదిలేలోగా వాళ్లు ఔష్విట్జ్ పాలయ్యారు. అందుకే ఒకరి దుఃఖాన్ని మరొకరికి విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆస్పత్రిలో ఆమె కోలుకుంటుంటే ఆయన వచ్చిపోతుండేవాడు. ఆ పరిచయమే పెళ్లి మాటదాకా వెళ్లింది.

తర్వాత ఆయన అమెరికాలో, ఆమె యూరప్‌లో. మధ్యలో నెలల తరబడి ఉత్తరాలే ఆధారం. కువైట్ నుంచి వచ్చే కవరు కోసం పోస్ట్‌మ్యాన్ దారి చూసిన ఇళ్లు మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఎన్ని లేవు! ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో ఆ ఇళ్లలోని వాళ్లకు వేరే చెప్పాలా? 1946 జూన్‌లో పారిస్‌లో పెళ్లయింది. బఫెలో నగరంలో కాపురం. ముగ్గురు పిల్లలు. 2002లో కర్ట్ కన్నుమూసేదాకా దాదాపు 56 ఏళ్ల దాంపత్యం.

విశేషమే లేని సాయంత్రం

1996లో ఈ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. వేదికమీద గెర్డా చెప్పింది గెలిచిన సంబరం గురించి కాదు. ఆ శిబిరాల్లో గెలుపంటే ఒక రొట్టె ముక్క, ఇంకొక్క రోజు బతకడం అన్నారు. ఏ విశేషమూ లేని సాయంత్రాన్ని ఇంట్లో గడపడం ఎంత అదృష్టమో తెలుసుకోవడమే పోయినవాళ్లకు మనమిచ్చే గౌరవమన్నారు. అదే వంట, అదే పిల్లల హోంవర్కు, అదే టీవీ... అని మనం రోజూ విసుక్కునే సాయంత్రమే అది!

2022లో, 97 ఏళ్ల వయసులో గెర్డా కన్నుమూశారు. ఆవిడ మాట మాత్రం చిత్రంలో పదిలంగా ఉంది. అడిగినవాళ్లు ఉన్నారు, ఆవిడ చెప్పారు కాబట్టి.

ఆ ఘోరంతో మన కష్టాలను పోల్చలేం. కానీ ఉదయగిరిలో చెక్క గరిటెలు చేస్తూ సంసారం నెట్టుకొచ్చిన నానీకీ, సోమశిల నీళ్లలో సొంత ఊరు మునిగిపోతే కొత్తచోట పొయ్యి వెలిగించిన అవ్వకూ చెప్పాల్సిన కథ ఉంటుంది. తాత మొదటిసారి ఏం మాట్లాడాడో, ఆ కష్టంలో ఒకరికొకరు ఎలా నిలబడ్డారో ఎప్పుడైనా అడిగారా? ఇప్పుడు పెద్ద కెమెరాలు అక్కర్లేదు, చేతిలో ఫోనుంటే చాలు. ఈ సాయంత్రమే అవ్వ పక్కన కూర్చుని అడగండి. ఆమె చెబుతుంటే మధ్యలో అడ్డుపడకుండా వినండి.